ముట్టుకోరాని నాణెం

మా కుటుంబంలో బంగారాన్ని గురించి మాట్లాడుకోవటం తక్కువ. వైరాగ్యం వల్ల కాదు. మాట్లాడుకోదగినంత బంగారం లేకపోవటం వల్ల. అందుచేత 2023 సంక్రాంతికి బర్మింగ్‌హాం నుంచి వచ్చిన మా మేనల్లుడు, భోజనాలైన తరవాత అందరినీ కూచోబెట్టి, నున్నటి చెక్కపెట్టె ఒకటి నా ముందు పెట్టి, "మామయ్యా, ఇది మీకు" అన్నప్పుడు అందులో బంగారం వుంటుందని నేను అనుకోలేదు.

మూత తీశాను. లోపల నల్లని మెత్త. మెత్తలో అద్దంలాంటి ప్లాస్టిక్ డిబ్బీ. డిబ్బీలో బంగారు నాణెం. ఒకవైపు రెండవ ఎలిజబెత్ రాణి తల. రెండోవైపు తామరపువ్వు, దానితోపాటు "నా జీవితమే నా సందేశం" అనే అర్థంవచ్చే గాంధీ మాట, ఇంగ్లీషులో. 2021 దీపావళికి బ్రిటిష్ ప్రభుత్వ టంకసాల గాంధీ స్మారకంగా విడుదల చేసిన ఐదు పౌన్ల నాణెం అది. దాన్ని వెలుతురులో చూద్దామని డిబ్బీ విప్పబోయాను.

"ముట్టుకోకండి మామయ్యా!" అని మావాడు గాభరాగా నా చెయ్యి పట్టుకున్నాడు. "వేలిముద్ర పడితే ధర పోతుంది."

గాంధీ పేరు మీద పుట్టిన వస్తువును ముట్టుకోకూడదట! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచీ ఈ నాణేన్ని గురించి తెలిసినంత తెలుసుకున్నాను. తెలిసినకొద్దీ ఆలోచన పెరిగింది. ఆ ఆలోచనే పాఠకుల ముందు పెడుతున్నాను.

మొదట నాణెం సంగతి. ఐదు పౌన్ల స్మారక నాణేన్ని బంగారంలో కొడితే దాని ఎత్తు 39.94 గ్రాములు. ఇరవైరెండు కారెట్ల బంగారం. సరిగ్గా ఐదు సవర్సుల ఎత్తు. చట్టప్రకారం అది చెల్లుబాటయ్యే డబ్బే. కాని దాని మీద వున్న విలువ ఐదు పౌన్లు. అందులో వున్న లోహం విలువ అంతకు వందలరెట్లు. టంకసాల అమ్మిన ధర లోహం విలువకన్నా ఎక్కువ. ఐదు పౌన్ల సరుకు కొనటానికి ఆ నాణెం ఇచ్చేవాడు లోకంలో వుండడు. అది చలామణీకి ఉద్దేశించినది కాదని టంకసాలవారే చెప్పారు. అంటే డబ్బు పని చెయ్యని డబ్బు అన్నమాట. ఇదే నాణేన్ని వెండిలోనూ, సామాన్యలోహంలోనూ గూడా అమ్మారు. ఏ లోహమైనా ఉద్దేశం ఒకటే, దాచుకోవటం.

ఇటువంటి నాణేలను కొట్టే పద్ధతి గూడా వేరు. అచ్చును మెరుగుపెడతారు, బిళ్ళనూ మెరుగుపెడతారు, మామూలు నాణెం ఒక్క దెబ్బతో తయారైతే దీనికి ఒకటికి మించిన దెబ్బలు వేస్తారు. అందుచేత బొమ్మ మసకగా, వెనకతలం అద్దంగా వస్తుంది. చేతులు తగలకుండా డిబ్బీలో బిగించి, ఇన్ని మాత్రమే కొట్టామని హామీపత్రం పెడతారు. ఆ తరవాత వీటిని పరీక్షించి మార్కులు వెయ్యటానికి వేరే వ్యాపారసంస్థలున్నాయి. డెబ్భైకి ఇన్ని అని మార్కులు. ఈ డెబ్భై లెక్కను 1949లో షెల్డన్ అనే అమెరికన్ పాత రాగిసెంట్ల కోసం తయారుచేశాడు. ఇప్పుడు బంగారానికీ అదే లెక్క. డెబ్భైకి డెబ్భై వచ్చిన నాణెం అంటే ఏ మనిషి చేతిలోనూ పడని నాణెం.

ఇది ఒక్క బ్రిటన్ చేసే వ్యాపారం కాదు. పసిఫిక్ సముద్రంలో రెండువేలమంది అయినా లేని నియూ అనే ద్వీపం పేరుమీద అమెరికన్ సినిమా బొమ్మలతో నాణేలు వచ్చాయి. తువాలు ద్వీపాల పేరుమీద ఆస్ట్రేలియాలోని పెర్త్ టంకసాల నాణేలు కొడుతుంది. ఆ ద్వీపాలలో సంతకు వెళ్ళేవాళ్ళకు వాటితో పనిలేదు. దేశం పేరు అద్దెకు పోతుంది, నాణెం దేశదేశాల సేకర్తలకు పోతుంది. చిన్నదేశాలకు అదొక ఆదాయం, నేను కాదనను. ఇక్కడ చూడవలసిందేమంటే, స్మరణ అనేది ఒక సరుకై, ప్రతి సంవత్సరం కొత్త సందర్భం వెతుక్కోవలసిన స్థితికి వచ్చింది. సందర్భం ఎవరిదైనా ఒకటే. సినిమా బొమ్మ కావచ్చు, గాంధీ కావచ్చు.

గాంధీని గురించి బ్రిటిష్‌వాళ్ళు నాణెం వెయ్యటమే తప్పని నేననను. తాము జైల్లో పెట్టినవాణ్ణి తామే గౌరవించటం చెడ్డపనేమీ కాదు. 2015లో లండను పార్లమెంటు ముంగిట ఆయన విగ్రహం గూడా పెట్టారు. ఐతే 2019లో జలియన్‌వాలాబాగ్ హత్యాకాండకు నూరేళ్ళు నిండినప్పుడు బ్రిటిష్ ప్రధాని తీవ్రవిచారం వెలిబుచ్చింది గాని, క్షమాపణ చెప్పలేదు. మూడేళ్ళు తిరక్కుండానే దీపావళికి గాంధీ నాణెం వచ్చింది. దాని నమూనాను ఎంపికచేసి ఆవిష్కరించినవాడు అప్పటి ఆర్థికమంత్రి రిషి సూనక్. అక్కడ ఆర్థికమంత్రే టంకసాలకు అధిపతి. ఆ కాలంలోనే అదే టంకసాల లక్ష్మీదేవి బొమ్మతో బంగారు బిళ్ళలు గూడా అమ్మింది. అక్కడ స్థిరపడిన మనవాళ్ళు దీపావళికి బంగారం కొంటారని వాళ్ళకు బాగా తెలుసు. క్షమాపణకు ఖర్చుంటుంది; నాణానికి లాభముంటుంది.

ఇంతవరకూ అయితే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాను; నవ్వి ఊరుకునేవాణ్ణి. కాని మావాడు పెట్టె ఇస్తూ ఒకమాట అన్నాడు: "అమ్మమ్మ కాసులపేరు పోయిందంటారుగా. అన్నీ తేలేను గాని, ఐదు కాసులు తెచ్చాననుకోండి."

వాడి అమ్మమ్మ అంటే మా అమ్మ. ఆమె కాసులపేరు కథ మా ఇంట్లో అందరికీ సగమే తెలుసు.

మాది గుడివాడ తాలూకా. అమ్మకు పెళ్ళిలో పుట్టింటివాళ్ళు పద్దెనిమిది సవర్సుల కాసులపేరు పెట్టారు. ఈ కాలపు పల్చటి కాసులు కావు, నిజమైన సవర్సులు. కొన్నిటి మీద విక్టోరియా రాణి, కొన్నిటి మీద ఐదవ జార్జి. అటువంటివాటిలో కొన్ని మన దేశంలోనే తయారయినాయి. మొదటి ప్రపంచయుద్ధకాలంలో, 1918లో, బ్రిటిష్ టంకసాల బొంబాయిలో ఒక శాఖ తెరిచి సుమారు 13 లక్షల సవర్సులు కొట్టింది. కంసాలి ప్రతి కాసుకూ తలమీద చిన్న వలయం అతికి దారానికి గుచ్చాడు. ఈనాటి సేకర్త దృష్టిలో వలయం అతికిన నాణెం చెడిపోయిన నాణెం. మా అమ్మ దృష్టిలో వలయం లేని నాణెం ఇంకా నగ కాలేదు, అంతే.

1929 తరవాత ధాన్యం ధర సుమారు సగానికి పడిపోయింది. శిస్తు పడిపోలేదు. డెల్టా జిల్లాలలో శిస్తు పెంపు మీద రైతులు సభలు పెట్టి మొరపెట్టుకుంటున్న రోజులవి. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలేసింది. మన రూపాయిని మాత్రం పౌనుకు కట్టే వుంచారు. దాంతో రూపాయల్లో బంగారం ధర పైకి లేచింది. అంతకుముందు చట్టప్రకారం సవర్సు ధర 13 రూపాయల 5 అణాల 4 పైసలు. ఇప్పుడు అంతకన్నా బాగా ఎక్కువ వస్తుందన్నారు. ధాన్యం అమ్మితే అప్పు తీరని రైతుకు ఇంట్లో వున్న ఒకే ఒక లాభసాటి సరుకు ఆడవాళ్ళ మెడలో వున్నది. దేశం నలుమూలల నుంచీ బంగారం సేట్ల చేతుల మీదుగా బొంబాయి రేవుకూ, అక్కణ్ణించి ఓడల మీద లండనుకూ నడిచింది. ఆ దశాబ్దం ముగిసేలోగా పోయిన బంగారం విలువ 300 కోట్ల రూపాయల పైమాటే. ఎగుమతి ఆపమని మన వర్తకులూ, కాంగ్రెసువారూ అడిగారు. ప్రభుత్వం ఆపలేదు. ఎందుకు ఆపుతుంది? లండనుకు కట్టవలసిన "హోం చార్జీలకు" ఆ బంగారమే ఆధారమయింది.

అందులో మా అమ్మ పద్దెనిమిది సవర్సులూ వున్నాయి. 1932లో మా తాత వాటిని గుడివాడలో అమ్మి శిస్తు కట్టాడు, మిగిలినది షావుకారుకిచ్చాడు. పొలం దక్కింది. ఆ పొలమే మమ్మల్ని చదివించింది. కనక తాత చేసింది తెలివితక్కువ పని కాదు.

ఇది అందరికీ తెలిసిన సగం. రెండో సగం అమ్మ నాకు ఒక్కసారే చెప్పింది, చాలా ఏళ్ళ తరవాత. ఒకనాడు తెల్లవారి లేచి చూస్తే పెట్టెలో కాసులపేరు లేదట. అత్తగారిని అడిగితే, "మీ మామగారికి అవసరం పడింది" అన్నదట. అంతే. "నన్ను అడిగితే నేనే ఇచ్చేదాన్ని" అన్నది అమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కంఠంలో కోపం లేదు. అప్పటికి ఆమెకు అరవైయేళ్ళు దాటాయి. కాని ఆ మాట మాత్రం ఆమె మరిచిపోలేదు.

మరుసటి సంవత్సరం, 1933 డిసెంబరులో, గాంధీ హరిజనయాత్రలో ఆంధ్రకు వచ్చాడు. నవంబరులో వార్ధా నుంచి బయలుదేరిన ఆ యాత్ర 1934 వేసవి దాటేదాకా సాగింది. పన్నెండువేల మైళ్ళు పైచిలుకు తిరిగి సుమారు ఎనిమిది లక్షల రూపాయలు పోగుచేశాడు. ఆయన డబ్బు పోగుచేసే పద్ధతి అందరికీ తెలిసిందే. సంతకానికి ఐదు రూపాయలు. తనకిచ్చిన కానుకలను సభలోనే వేలం వేసేవాడు. ఆడవాళ్ళను నగలు అడిగేవాడు. అంతకు పన్నెండేళ్ళ ముందు, 1921లో, బెజవాడలో కాంగ్రెసు కమిటీ కూచుని తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు వసూలు చెయ్యాలని తీర్మానించినప్పటినుంచీ ఆంధ్రదేశపు స్త్రీలకు ఆయన చెయ్యి చాపటం అలవాటే. ఆ ఏడే కాకినాడలో పన్నెండేళ్ళ దుర్గాబాయి తన చేతి గాజులు తీసి ఇచ్చింది.

మావాళ్ళు బండి కట్టుకుని బెజవాడ సభకు వెళ్ళారు. అమ్మకు పద్ధెనిమిదేళ్ళు. ముందు కూచున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే గాజులూ గొలుసులూ తీస్తున్నారట. అమ్మ మెడలో నల్లపూసలు తప్ప ఏమీ లేవు. ఇవ్వటానికి లేకపోయిందే అన్న సిగ్గుతో వెనక్కు జరిగి, కొంగున కట్టుకున్న అణా విప్పి జోలెలో వేసిందట. అణా మీద ఐదవ జార్జి తల. రాజు తల వున్న అణాను ఆ రాజు జైల్లో పెట్టినవాడికే ఇచ్చానని ఆమెకు అప్పుడు తోచలేదు. తరవాత నేను చెబితే నవ్వింది.

గాంధీ బంగారాన్ని అసహ్యించుకున్నాడనటం సరికాదు. అది ఒకచోట కూచోవటమే ఆయనకు గిట్టలేదు. 1901లో ఆయన నాటాల్ వదిలి వస్తున్నప్పుడు అక్కడి మనవాళ్ళు బంగారు, వజ్రాల కానుకలిచ్చారు. వాటిలో కస్తూరిబాకు ఇచ్చిన కంఠహారం యాభై గినీలు చేసేది. రాత్రంతా నిద్రపోక, తెల్లవారేసరికి అన్నిటినీ ప్రజాసేవకు నిధిగా రాసేశాడు. ఆ సంగతి ఆయన తన ఆత్మకథలో చెప్పాడు. భార్య ఎదురుచెప్పిన మాటలను గూడా దాచలేదు. నా నగలు ఎట్లాగూ తీసేయించావు, రేపు కోడళ్ళకు ఏమున్నదని ఆమె అడిగింది. నీ సేవలో నా రాత్రింబవళ్ళ చాకిరీ లేదా అని అడిగింది. ఆ మాటలు తనకు సూటిగా తగిలాయని ఒప్పుకుంటూనే, ఎట్లాగో ఆమె చేత ఔననిపించుకున్నానని ఆయనే రాసుకున్నాడు.

ఇక్కడ మహాత్ముడు గూడా మా తాత పక్కనే నిలబడుతున్నాడని నాకు అనిపిస్తుంది. ఆయన పని ఉత్తమమైనదే. మా తాత పని అవసరమైనదే. ఇద్దరూ ఆడదాని బంగారాన్ని ముందు తమదనుకున్నారు. ఐతే మా తాత ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. గాంధీ లోకానికంతటికీ చెప్పాడు. తరవాతి జీవితంలో సభల్లో నిలబడి స్త్రీలనే అడిగాడు. అడిగి తీసుకోవటానికీ, అడక్కుండా తీసుకోవటానికీ ఎంత భేదమున్నదో మా అమ్మ చెప్పిన ఒక్కమాటలో వున్నది.

హరిజనయాత్ర మీద విమర్శ లేకపోలేదు. ఆ పేరునే అంబేద్కర్ అంగీకరించలేదు. సవర్ణుల హృదయపరివర్తన కోసం ఎదురుచూడటం కాదు, హక్కులు కావాలన్నాడు. చరిత్ర చాలావరకు ఆయన పక్షాన్నే వున్నది. నేను చిన్నప్పుడు మా వూళ్ళో మాలపల్లెవాళ్ళు మంచినీళ్ళ చెరువుకు వేరే రేవునే దిగేవాళ్ళు. ఎనిమిది లక్షలూ, పన్నెండువేల మైళ్ళూ, మా అమ్మ అణా, ఇవన్నీ కలిసి ఆ రేవును మార్చలేకపోయాయి. అయినా, ఒకే రేవున అందరూ నీళ్ళు ముంచుకోవాలని ఎండల్లో తిరిగిన మనిషి పేరుతో, ఎవరూ ముట్టుకోరాని వస్తువు తయారుచెయ్యటం నాకు మింగుడుపడలేదు. మనుషులను ముట్టుకోకుండా చేసిన దుర్మార్గంతో ఒక నాణాన్ని పోల్చటం అతి అని నాకు తెలుసు. వస్తువుకు అవమానం లేదు. కాని ఆ మాట నోటికి వచ్చింది నాకు కాదు, మావాడికి.

గాంధీ నాణేలు మనమూ వేసుకున్నాం. 1969లో ఆయన శతజయంతికి మన ప్రభుత్వం పదిరూపాయల వెండినాణెం, రూపాయి, అర్ధరూపాయి, ఇరవై పైసలు విడుదల చేసింది. అప్పుడు నేను కొత్తగా పంతులుద్యోగంలో చేరాను. వెండిది చూసినవాళ్ళు కొద్దిమందే. పసుపుపచ్చని ఇరవై పైసల బిళ్ళ మాత్రం చేపలమ్మి దగ్గరా, బస్సు కండక్టరు సంచీలోనూ, బడిపిల్లల జేబుల్లోనూ తిరిగింది. ఆ రోజుల్లోనే తామరపువ్వు వున్న ఇరవై పైసల బిళ్ళ గూడా వచ్చింది. మా వీధి ఆడవాళ్ళు తామరపువ్వు బిళ్ళలను నూటెనిమిది చేరేదాకా ఏరి, లక్ష్మీపూజకు దాచుకునేవాళ్ళు. దాచుకోవటమనే జబ్బు లండనులోనే పుట్టలేదని చెప్పటానికి ఇది రాస్తున్నాను. కాని గాంధీ బిళ్ళను ఎవరూ దాచగా నేను చూడలేదు. అది ముఖం అరిగిపోయేదాకా చేతులు మారింది. డెబ్భైకి దానికి ఎన్ని మార్కులు వస్తాయో గాని, గాంధీ నాణెం అంటే నాకు అదే.

మర్నాడు పొద్దున పెట్టె మావాడికి తిరిగి ఇచ్చేశాను. "ఇది అమ్మమ్మ కాసులకు బదులు కాదురా అబ్బాయ్" అన్నాను. పోయిన సగం కథ అప్పుడే చెప్పాను. వాడి ముఖం చిన్నబోయింది. కష్టపడి సంపాదించిన డబ్బుతో, ప్రేమతో తెచ్చాడు. ఆ ప్రేమను నేను రాణి తలతో కలిపి తూచి తోసేశానేమోనని ఇప్పటికీ నాకు అనుమానంగానే వున్నది. వాడు ఒక్కటే అడిగాడు:

"మరి మీరు ఆయన్ని ఎట్లా గుర్తుపెట్టుకుంటున్నారు మామయ్యా?"

నా దగ్గర తయారుగా జవాబు లేదు. గోడకు పటమున్నది. అక్టోబరులో ఉపన్యాసాలున్నాయి. పిలిస్తే నేనూ వెళ్ళి మాట్లాడతాను, శాలువా కప్పించుకుంటాను. ఆ శాలువాలన్నీ బీరువాలో మడత చెడకుండా వున్నాయి. వాటిని గూడా ఎవరూ ముట్టుకోలేదు. ఆ సంగతి వాడికి చెప్పాను.

కొంతసేపు ఊరుకుని, "అమ్మితే ఎవరికివ్వమంటారు?" అన్నాడు. మా వూరి మాలపల్లె నుంచి బెజవాడకు వచ్చి చదువుకుంటున్న ఆడపిల్లలు ముగ్గురున్నారని చెప్పాను. ఐతే, ముందు నీ భార్యను అడుగు, డబ్బు ఆమెది గూడా గదా అన్నాను. వాడు నవ్వాడు, ఆలోచిస్తానన్నాడు. పెట్టె సంచిలో పెట్టుకుని వెళ్ళాడు. అమ్మాడో లేదో నేను అడగలేదు.

వాడు వెళ్ళిన తరవాత బీరువా తెరిచి శాలువాలు లెక్కపెట్టాను. పదకొండున్నాయి. అప్పటికి చలి ఇంకా తగ్గలేదు.